మాత్ర ఉంది... అడిగేదెలా?

2015 చివరి నెలల్లో లండన్‌లో కొంతమంది మగవాళ్ల ఇళ్లకు పోస్టులో చిన్నచిన్న పొట్లాలు రావడం మొదలైంది. విప్పి చూస్తే ఓ డబ్బా, అందులో 30 మాత్రలు. డబ్బా మీద పేరు... టెన్విర్-ఈఎం. తయారుచేసింది మన ముంబయికి చెందిన సిప్లా కంపెనీ. విచిత్రమేమిటంటే, వాటిని తెప్పించుకున్నవారిలో ఎవరికీ జబ్బు లేదు. జబ్బు రాకూడదనే తెప్పించుకున్నారు. ఆ జబ్బు పేరు హెచ్ఐవీ. తెప్పించుకున్నవారు గే, బైసెక్సువల్ పురుషులు. అంటే మగవారినే ఇష్టపడే మగవారు, ఆడా మగా ఇద్దరినీ ఇష్టపడే మగవారు.

ఆదివారం పూట కాఫీ తాగుతూ చదవాల్సిన సంగతేనా ఇది అనిపించవచ్చు. కానీ ఆ డబ్బా ప్రయాణం మొదలైంది మన దగ్గరే. మన పక్కింట్లో, ఒక్కోసారి మన ఇంట్లోనే ఉన్న కుర్రాడికి దాని అవసరం ఉండవచ్చు. కాబట్టి చదవాల్సిందే!

రాకముందే మందా?

జ్వరం వచ్చాక మందు వేసుకోవడం మనకు అలవాటే. రాకముందు వేసుకోవడమూ కొత్తేం కాదు. మలేరియా ఎక్కువగా ఉన్న దేశానికి వెళ్లేవారు ప్రయాణానికి ముందే మాత్రలు మొదలుపెడతారు. హెచ్ఐవీ విషయంలోనూ అలాంటి పద్ధతే ఉంది. దానిని డాక్టర్లు పొట్టిగా ‘ప్రెప్’ అంటారు.

ఇది టీకా కాదు. టెనోఫోవిర్, ఎమ్‌ట్రిసిటబిన్ అనే రెండు మందులు కలిపిన మాత్ర. హెచ్ఐవీ మన ఒంట్లోకి వచ్చాక తెల్ల రక్తకణాల్లో చేరి, అక్కడ తన నకళ్లు తీసుకుంటుంది. ఆ పనికి దానికో ఎంజైమ్ కావాలి. రక్తంలో ఈ మందు ముందే సిద్ధంగా ఉంటే ఆ ఎంజైమ్ పని ఆగిపోతుంది. లోపలికి వచ్చిన వైరస్ పెరగలేక అక్కడే అంతమవుతుంది. దొంగ గోడ దూకాడు సరే... ఇంట్లో అందరూ మెలకువగా ఉన్నారన్నమాట!

ఇది పనిచేస్తుందని గట్టిగా తెలిసింది 2010లో. డాక్టర్ రాబర్ట్ గ్రాంట్ ఆధ్వర్యంలో అమెరికా, పెరూ, ఈక్వెడార్, బ్రెజిల్, దక్షిణాఫ్రికా, థాయ్‌లాండ్‌లలో ‘ఐప్రెక్స్’ పేరుతో ఓ అధ్యయనం జరిగింది. మగవారితో సంబంధాలున్న పురుషులు, ట్రాన్స్‌జెండర్ మహిళలు కలిపి 2,499 మంది అందులో పాల్గొన్నారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారితో పోలిస్తే, అసలు మాత్ర ఇచ్చిన వారిలో కొత్త ఇన్ఫెక్షన్లు 44 శాతం తగ్గాయి. ఇంతేనా అనుకోకండి. అసలు మాత్ర ఇచ్చినవారిలోనూ చాలామంది దాన్ని రోజూ వేసుకోలేదు. రక్తంలో మందు ఆనవాళ్లు కనిపించినవారిని విడిగా లెక్కగడితే ముప్పు 90 శాతానికి పైగా తగ్గింది. డబ్బాలో ఉన్న మాత్ర పనిచేయదు, మింగిన మాత్రే పనిచేస్తుంది!

2012 జులైలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ‘ట్రువాడా’ అనే మాత్రను ఈ పనికి అనుమతించింది. మందు దొరికింది కాబట్టి జనం ఎగబడి ఉంటారనుకుంటాం. అలా జరగలేదు.

చీవాట్లు తిన్న మాత్ర

మొదటి రెండేళ్లు ఆ మాత్ర అడిగినవారికి ఎదురైంది ఎగతాళి. అదీ బయటివాళ్ల నుంచే కాదు, సాటి గే పురుషుల నుంచి కూడా. విచ్చలవిడిగా తిరగాలనుకునేవాళ్లకే ఈ మాత్ర కావాలన్నారు. వాడేవారికి ‘ట్రువాడా’ పేరు కలిపి ఓ బూతు బిరుదు తగిలించారు. ఎయిడ్స్ రోగుల కోసం పనిచేసే ఓ పెద్ద అమెరికన్ సంస్థ అధిపతే 2014లో దీన్ని ‘పార్టీ మందు’ అని కొట్టిపారేశారు. కొంతమంది కుర్రాళ్లు ఆ తిట్టునే టీషర్టుల మీద అచ్చువేయించుకుని వీధుల్లో తిరిగారు. దాచుకుంటేనే కదా సిగ్గు... అన్నట్టుగా.

ఈ మాటలు మన పెద్దవాళ్లకు ఎక్కడో విన్నట్టుంటాయి. 1960లో అమెరికాలో గర్భనిరోధక మాత్ర వచ్చినప్పుడు ఆడవాళ్ల గురించీ ఇదే మాట అన్నారు. జాగ్రత్త పడేవారిని చూసి తప్పు చేయబోతున్నారని అనుమానించడం పాత అలవాటే. హెల్మెట్ పెట్టుకుంటే బండి వేగంగా నడుపుతాడని హెల్మెట్లు అమ్మడం మానేస్తామా?

అయితే ఆ భయంలో కొంత నిజం కూడా ఉంది. ప్రెప్ వాడకం పెరిగినచోట కండోమ్ వాడకం తగ్గినట్టు కొన్ని అధ్యయనాల్లో తేలింది. సిఫిలిస్, గనేరియా లాంటి సుఖవ్యాధులను ఈ మాత్ర ఆపదు. అందుకే వాడేవారు మూడు నెలలకోసారి పరీక్షలకు రావాలంటారు. ఇందులో ఓ మేలూ ఉంది. ఎప్పుడూ ఆసుపత్రి మెట్లెక్కని మనిషి ఏడాదికి నాలుగుసార్లు డాక్టరు ముందు కూర్చుంటాడు. ఉన్న జబ్బు ముందే బయటపడుతుంది.

కోర్టు దాకా వెళ్లింది

మళ్లీ లండన్‌కి వద్దాం. ఇంగ్లండ్‌లోని 13 క్లినిక్‌లలో ‘ప్రౌడ్’ అనే అధ్యయనం నడిచింది. 544 మంది గే, బైసెక్సువల్ పురుషులను రెండు జట్లు చేశారు. ఓ జట్టుకు మాత్ర వెంటనే ఇచ్చారు. రెండో జట్టును ఏడాది ఆగమన్నారు. వెంటనే తీసుకున్నవారిలో ముగ్గురికి హెచ్ఐవీ సోకితే, ఆగినవారిలో 20 మందికి సోకింది. తేడా ఎంత స్పష్టంగా ఉందంటే, 2014 అక్టోబరులో ఇక ఆపడం న్యాయం కాదని అందరికీ మాత్ర ఇచ్చేశారు. ఫ్రాన్స్, కెనడాల్లో జరిగిన మరో అధ్యయనంలోనూ ముప్పు 86 శాతమే తగ్గింది. ప్రౌడ్‌లో వచ్చిన అంకె కూడా అదే!

ఇంకేం, ప్రభుత్వం ఇచ్చేస్తుందనుకున్నారు. ఇవ్వలేదు. 2016 మార్చిలో ఇంగ్లండ్ ప్రభుత్వ వైద్య విభాగం ‘ఇది మా పని కాదు, స్థానిక సంస్థల పని’ అంది. ప్రైవేటుగా కొందామంటే నెలకు దాదాపు 400 పౌండ్లు. మామూలు ఉద్యోగికి సాధ్యమయ్యే పని కాదు.

ఆ సమయంలోనే గ్రెగ్ ఓవెన్ అనే ఆయన పేరు వినిపించింది. లండన్ బార్లలో పనిచేసేవాడు. 2015లో ప్రెప్ మొదలుపెడదామని మాత్రలు సంపాదించుకున్నాడు. మొదలుపెట్టేముందు హెచ్ఐవీ లేదని నిర్ధారించుకోవాలి కదా... పరీక్షకు వెళ్లాడు. అప్పటికే సోకిందని తేలింది. మాత్ర చేతిలో ఉంది, సమయం దాటిపోయింది. ఆ సంగతి దాచుకోకుండా అందరికీ చెప్పాడు. మాకూ ఆ మాత్ర కావాలి, ఎక్కడ దొరుకుతుందంటూ ప్రశ్నలు వెల్లువెత్తాయి. మిత్రుడు అలెక్స్ క్రాడాక్‌తో కలిసి అదే ఏడాది అక్టోబరులో ఓ వెబ్‌సైట్ ప్రారంభించాడు. అసలైన మందు ఎవరు అమ్ముతారు, ఎలా తెప్పించుకోవాలి, ఏయే పరీక్షలు చేయించుకోవాలి... అన్నీ అందులో ఉండేవి. సొంత వాడకానికి మూడు నెలల మందు విదేశాల నుంచి తెప్పించుకోవడానికి బ్రిటన్ చట్టం ఒప్పుకుంటుంది. మన దేశంలో తయారైన జనరిక్ మాత్ర 50 పౌండ్ల చుట్టుపక్కల వచ్చేది. ఎనిమిదో వంతు ధర!

పోస్టులో వచ్చిన మందు అసలుదో నకిలీదో తెలియడమెలా? లండన్ సోహో ప్రాంతంలోని 56 డీన్ స్ట్రీట్ క్లినిక్ డాక్టర్లు అలా తెప్పించుకున్నవారి రక్తం పరీక్షించారు. మందు సరిపడా ఉందని తేలింది. మన కంపెనీల మాట నిలిచింది.

ఇంకోవైపు నేషనల్ ఎయిడ్స్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెళ్లింది. ఈ మందు ఇచ్చే అధికారం వైద్య విభాగానికి ఉందని 2016 ఆగస్టులో హైకోర్టు చెప్పింది. నవంబరులో అప్పీలు కోర్టూ అదే మాటంది. 2017 అక్టోబరులో 10 వేల మందితో పెద్ద ప్రయోగం మొదలైంది. అడిగేవారు పెరుగుతుంటే సీట్లు పెంచుతూ పోయారు. చివరికి 2020లో ఇంగ్లండ్ అంతటా ఉచితంగా ఇవ్వాలని నిర్ణయించారు.

ఈలోపు ఆ డీన్ స్ట్రీట్ క్లినిక్‌లో ఏం జరిగిందో తెలుసా? 2015తో పోలిస్తే 2016లో కొత్తగా బయటపడిన హెచ్ఐవీ కేసులు సుమారు 40 శాతం తగ్గాయి. ప్రభుత్వం ఇంకా అందరికీ మాత్ర ఇవ్వడం మొదలుపెట్టకముందే! పరీక్షలు పెరగడం, సోకినవారికి వెంటనే చికిత్స మొదలుపెట్టడం కూడా అందుకు కారణాలే. కానీ పోస్టులో వచ్చిన పొట్లాల పాత్రను ఎవరూ కాదనలేదు.

అడగలేనివారి సంగతి

ఇక్కడిదాకా కథ బాగానే ఉంది. అయితే లండన్‌లో అడిగినవారు ఎవరు? తామెవరో దాచుకోనక్కర్లేనివారు. చదువు, ఇంటర్నెట్, చేతిలో కాస్త డబ్బు ఉన్నవారు. అవి లేనివారి మాటేమిటి?

అమెరికా అంకెలు చూడండి. ప్రెప్ వల్ల మేలు పొందగల నల్లజాతివారు సుమారు 5 లక్షల మంది ఉంటారని ఆ దేశపు వ్యాధి నియంత్రణ సంస్థ 2018లో లెక్కగట్టింది. 2015 సెప్టెంబరు నుంచి ఏడాదిలో మందుల షాపుల్లో వారు తీసుకున్న ప్రిస్క్రిప్షన్లు సుమారు 7 వేలు! అవసరం ఎక్కువ ఉన్నచోటే వాడకం తక్కువ. ఆసక్తి లేక కాదు. మాత్ర కావాలంటే ముందు డాక్టరుకు ఓ మాట చెప్పాలి. ‘నేను మగవారితో ఉంటాను’ అనే మాట. అది గొంతు దాటి రాదు.

డాక్టర్ల వైపూ ఓ చిక్కుంది. హెచ్ఐవీ నిపుణుడి దగ్గరికి వచ్చేవారంతా అప్పటికే జబ్బు సోకినవారు. జబ్బు లేనివాడు వెళ్లేది మామూలు డాక్టరు దగ్గరికి. ఆయనేమో ‘ఇది హెచ్ఐవీ నిపుణులు చూసుకోవాల్సిన పని’ అనుకుంటాడు. నిపుణుడేమో ‘జబ్బు లేనివాళ్లు నా దగ్గరికెందుకు వస్తారు?’ అనుకుంటాడు. మధ్యలో మనిషి మిగిలిపోతాడు.

బైసెక్సువల్ పురుషుల పరిస్థితి మరీ ఇరుకు. తాము ‘గే’ కాదనుకుంటారు కాబట్టి ఆ పోస్టరు తమకోసం కాదనుకుని పక్కనుంచి వెళ్లిపోతారు. చాలామందికి పెళ్లయి ఉంటుంది. చెబితే సంసారం ఏమవుతుందోనని భయం. చెప్పకపోతే ముప్పు ఒక్కరితో ఆగదు, భార్య దాకా వస్తుంది.

పులిరాజా ఎటు వెళ్లాడు?

ఇప్పుడు మన ఊరికి వద్దాం. ‘పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా?’ ఈ ప్రశ్న గుర్తుందా? 2000ల మొదట్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏ గోడ చూసినా, ఏ హోర్డింగ్ చూసినా ఇదే. ఎవరీ పులిరాజా అని పిల్లలు అడిగితే పెద్దవాళ్లు మాట మార్చేవారు. అయినా ఆ ప్రచారం గొప్ప పనే చేసింది. నలుగురిలో ఎత్తడానికి వీల్లేని మాటను నలుగురి నోళ్లలో నానబెట్టింది. అయితే మనమంతా ఊహించుకున్న పులిరాజా ఆడవారి దగ్గరికి వెళ్లే మగవాడు. మగవారి దగ్గరికి వెళ్లే పులిరాజా కూడా ఉంటాడని ఎంతమందికి తట్టింది?

2023 అంచనాల ప్రకారం మన దేశంలో 25 లక్షల మందికి పైగా హెచ్ఐవీతో జీవిస్తున్నారు. పెద్దల్లో దేశ సగటు 0.20 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 0.62, తెలంగాణలో 0.44 శాతం. అంటే మన రెండు రాష్ట్రాలూ సగటుకు రెట్టింపు పైనే ఉన్నాయి. దేశం మొత్తమ్మీద మగవారితో సంబంధాలున్న పురుషులను మాత్రమే తీసుకుంటే, ప్రభుత్వ సర్వేల్లో ఇది 3 శాతానికి పైగా కనిపిస్తోంది. సగటుకు పదిరెట్లకు మించి!

చట్టాలు కొంత దారి ఇచ్చాయి. స్వలింగ సంబంధం నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు చెప్పింది. అదే నెలలో అమల్లోకి వచ్చిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మనిషి అంగీకారం లేకుండా హెచ్ఐవీ పరీక్ష చేయకూడదు. వివరాలు బయటపెట్టకూడదు. ప్రెప్ ఎలా ఇవ్వాలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2022లో మార్గదర్శకాలూ ఇచ్చింది. కానీ హెచ్ఐవీ పరీక్ష సర్కారు ఆసుపత్రిలో దొరికినంత తేలిగ్గా ఈ మాత్ర దొరకదు. ఎక్కువగా ప్రైవేటు డాక్టరు చీటీతో సొంత డబ్బు పెట్టి కొనుక్కోవాల్సిందే.

కొన్నాక ఎక్కడ పెట్టాలి? ఇదీ చిన్న ప్రశ్న కాదు. మన ఇళ్లలో అల్మరా సర్దేది అమ్మ. హాస్టల్లో అరలు అందరివీ. పైగా హెచ్ఐవీ సోకినవారికి ఇచ్చే చికిత్సలోనూ ఈ మందులు ఉంటాయి. డబ్బా మీది పేరు ఎవరైనా చదివితే ‘మనవాడికి ఎయిడ్స్’ అని నిర్ణయించేస్తారు. జబ్బు రాకుండా జాగ్రత్తపడినవాడికి జబ్బున్నవాడనే పేరు! ఆ భయంతోనే మాత్ర కావాలనుకున్నవారూ వద్దనుకుంటారు.

హైదరాబాద్ నుంచి కొత్త కబురు

ఈ డబ్బా బాధ తప్పించే మందు ఒకటి వచ్చింది. పేరు లెనకాపవిర్. ఆరు నెలలకోసారి ఇంజెక్షన్. ఏడాదికి రెండుసార్లు ఆసుపత్రికి వెళ్తే చాలు, రోజూ వేసుకునే మాత్రల డబ్బాను ఇంట్లో దాచుకోనక్కర్లేదు. 2024లో వెలువడిన ఫలితాల్లో, ఇది తీసుకున్న 2,179 మంది గే, బైసెక్సువల్ పురుషులు, ట్రాన్స్‌జెండర్లు తదితరుల్లో ఇద్దరికే హెచ్ఐవీ సోకింది. 2025 జూన్‌లో అమెరికా అనుమతిచ్చింది. జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. అక్కడ దాని ధర ఏడాదికి 28 వేల డాలర్లకు పైనే!

అంత ధరైతే ఎవరికి పనికొస్తుంది? ఇక్కడే మళ్లీ మనవాళ్ల పేర్లు వినిపిస్తాయి. 120 దేశాల కోసం దీన్ని చవగ్గా తయారుచేసే లైసెన్సు 2024 అక్టోబరులో ఆరు కంపెనీలకు దక్కింది. వాటిలో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్, హెటిరో ఉన్నాయి. 2027 నుంచి మనిషికి ఏడాదికి సుమారు 40 డాలర్లకే అందించేలా ఈ రెండు కంపెనీలతో 2025 సెప్టెంబరులో ఒప్పందాలు కుదిరాయి. 2001లో సిప్లా అధిపతి యూసుఫ్ హమీద్ ఎయిడ్స్ మందుల్ని రోజుకు డాలరు కన్నా తక్కువకే ఇస్తానన్నప్పుడు ప్రపంచం నివ్వెరపోయింది. ఇప్పుడు ఆ వంతు మన హైదరాబాద్‌ది.

ధర దించడం కంపెనీలకు చేతనైంది. నోరు విప్పించడం మాత్రం ఫ్యాక్టరీలో అయ్యే పని కాదు. అది ఇంట్లోనే కావాలి.

తెలిసి ఉండాల్సినవి...

ప్రెప్ సొంతంగా కొని వేసుకునే మందు కాదు. మొదలుపెట్టే ముందు హెచ్ఐవీ లేదని పరీక్షలో తేలాలి. హెపటైటిస్-బి ఉందేమో, మూత్రపిండాలు బాగున్నాయో లేదో కూడా చూస్తారు. మాత్రను ఎలా, ఎన్నాళ్లు వేసుకోవాలో డాక్టరే చెప్పాలి.

పొరపాటు జరిగిపోయాక గుర్తొస్తే దారి వేరు. 72 గంటల్లోపు ఆసుపత్రికి వెళ్లాలి. ఎంత తొందరగా వెళ్తే అంత మంచిది. 28 రోజులు వాడే మందు ఇస్తారు.

ఇప్పటికే సోకినవారికీ ఓ మంచి మాట. మందులు క్రమం తప్పకుండా వాడి, వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గితే వారి నుంచి లైంగికంగా మరొకరికి సోకదు. ఒకరికి హెచ్ఐవీ ఉండి, మరొకరికి లేని 782 గే జంటలను ఏళ్ల తరబడి గమనించి 2019లో తేల్చిన సంగతిది. మందు వాడుతున్న భాగస్వామి నుంచి ఒక్కరికీ సోకలేదు.

ఎవరినడగాలో తెలియకపోతే 1097కి ఫోన్ చేయొచ్చు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నడిపే ఉచిత హెల్ప్‌లైన్ అది.

ఇక ఇంట్లో పెద్దవాళ్లకు ఒక్క మాట. అల్మరా సర్దుతుంటే బట్టల వెనక ఇలాంటి డబ్బా ఎప్పుడైనా కనిపించవచ్చు. గుండె గుభేలుమంటుంది, సహజం. వెంటనే బంధువులకు ఫోన్ చేయకండి. డబ్బా బయట పారేయకండి. మధ్యలో ఆగితే రక్షణ కూడా ఆగిపోతుంది. ఉన్నచోటే ఉంచండి. వాడు ఇంటికొచ్చాక, అన్నం తిన్నాక, తలుపు దగ్గరికి వేసి పక్కన కూర్చోండి. ‘పరీక్షలు వేళకు చేయించుకుంటున్నావా?’ అని అడగండి. మిగతాది వాడే చెబుతాడు, ఇవాళ కాకపోతే రేపు.